కాస్మిక్ కణాల చప్పుడు, వజారి వాళ్ల నేల

సైన్స్ చరిత్ర అంటే మనకి శాస్త్రవేత్తల పేర్లు, ల్యాబుల పేర్లే చెప్తారు. ఈ పోస్టులో మేము ఒక నేల పేరు కూడా కలిపి రాస్తున్నాం.

అంతరిక్షం నుంచి కాస్మిక్ కణాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. బాగా శక్తి ఉన్న కణం ఒకటి పైన గాలిని గుద్దితే కొత్త కణాలు పుడతాయి, వాటి నుంచి ఇంకొన్ని. అలా కోట్ల కణాలు జల్లులా కిందికి దిగుతాయి. అందులోని ఎలక్ట్రాన్లని ఒక పక్కకి, పాజిట్రాన్లని ఇంకో పక్కకి భూమి అయస్కాంత శక్తి లాగుతుంది. దాంతో ఒక చిన్న రేడియో తరంగం పుడుతుంది. సెకనుని వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో కొన్ని పదుల భాగాల సేపే అది ఉంటుంది.

1965లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో జెల్లీ బృందం 44 మెగాహెర్ట్జ్ దగ్గర దీన్ని మొదటిసారి పట్టింది. కానీ మనుషులు చేసే రేడియో రొదలోంచి దీన్ని విడదీయడం కష్టమైంది. 1970ల్లో చాలామంది ఈ పని వదిలేశారు. డిజిటల్ పరికరాలు వచ్చాక, 2005లో జర్మనీలోని లోపెస్ ప్రయోగం దీనికి మళ్ళీ ప్రాణం పోసింది. తర్వాత నెదర్లాండ్స్‌లో లోఫార్ టెలిస్కోపు ఈ జల్లులని ఇంకా వివరంగా కొలిచింది.

ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్‌కేఏ-లో కడుతున్నారు. మొత్తం 1,31,072 యాంటెనాలు. ఈ కణాలని పట్టడం కూడా దాని పనుల్లో ఒకటి. అక్కడే ఎందుకంటే, జనం తక్కువ, రేడియో రొద తక్కువ.

జనం తక్కువ అంటే ఎవరూ లేరని కాదు. అది వజారి యమాజి ఆదివాసుల నేల. ఆ చోటుకి వాళ్ల భాషలో పెట్టిన పేరు ఇన్యారిమన్హ ఇల్గారి బుందర. ఆకాశాన్ని, నక్షత్రాలని పంచుకోవడం అని అర్థం. 2022లో వాళ్లతో భూ ఒప్పందం కుదిరింది. యాంటెనాలు పెట్టే చోట్లని వజారి వాళ్ళు కలిసి నడిచి చూసి, తమ పవిత్ర స్థలాలకి దెబ్బ తగలకుండా గుర్తులు పెట్టారు. ఆ డిసెంబర్‌లోనే పనులు మొదలయ్యాయి.

మన దేశం కూడా ఈ ప్రాజెక్టులో ఉంది. అందుకే ఈ చరిత్ర మనకి దూరపుది కాదు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తుంది. సంప్రదించడం అంటే సంతకాలు తీసుకోవడమేనా, కలిసి నడిచి చూడడమా? సైన్స్ మనకి కావాలి. మన నేల మీదికి వచ్చేటప్పుడు అది మనల్ని అడిగి రావాలి. ఫిజిక్స్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ రెండు మాటలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

జై ఆదివాసీ.