అమెరికాలో హైస్కూలు డిప్లొమా నిబంధనలు - వృత్తి, సాంకేతిక విద్య

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో హైస్కూలు చదువు ముగించి డిప్లొమా పొందడానికి విద్యార్థి పూర్తి చేయవలసిన కోర్సులు, క్రెడిట్లు, పరీక్షలను కలిపి హైస్కూలు డిప్లొమా నిబంధనలు అంటారు. ఆ హైస్కూలులోనే వ్యవసాయం, ఆరోగ్యసేవలు, వాహనాల మరమ్మతు, వెల్డింగు, కంప్యూటర్లు, వంటకళ మొదలైన రంగాలలో ఇచ్చే శిక్షణకు వృత్తి, సాంకేతిక విద్య అని పేరు. దీనిని ఆంగ్ల సంక్షిప్త నామంతో సీటీఈ అని వ్యవహరిస్తారు. ఈ రెండింటికీ దగ్గర సంబంధం ఉన్నది. డిప్లొమాకు తప్పనిసరి కోర్సులు పెరిగినకొద్దీ వృత్తి కోర్సులకు మిగిలే సమయం తగ్గుతుంది. వృత్తి కోర్సులను తప్పనిసరి కోర్సులకు బదులుగా అంగీకరిస్తే డిప్లొమా చేతికి వస్తుంది గాని, విశ్వవిద్యాలయ ప్రవేశానికి అది చాలకపోవచ్చు. నూరేళ్ళకు పైగా అమెరికా మాధ్యమిక విద్యలో సాగుతున్న వివాదానికి మూలం ఇదే.

అమెరికాలో హైస్కూలు ముగించడాన్ని కూడా గ్రాడ్యుయేషన్ అంటారు. దీనిని మన దేశంలోని డిగ్రీతో పొరబడరాదు. ఇది స్థూలంగా మన ఇంటర్మీడియట్ స్థాయికి సమానమైనది.

హైస్కూలు స్వరూపం

హైస్కూలులో సాధారణంగా 9 నుండి 12 వరకు నాలుగు తరగతులు ఉంటాయి. ఈ నాలుగేళ్ళ విద్యార్థులను వరుసగా ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అని పిలుస్తారు. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావన లేదు. కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకు, ప్రజలకు చెందుతాయని పదవ సవరణ చెబుతున్నది. అందువలన డిప్లొమా నిబంధనలను ఒక్కొక్క రాష్ట్రం తనకు తానే నిర్ణయించుకుంటుంది. రాష్ట్రం చెప్పినదానికి అదనంగా స్థానిక స్కూల్ డిస్ట్రిక్టు మరికొన్ని కోర్సులు చేర్చవచ్చు. మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలు కోర్సుల నిర్ణయాన్ని చాలావరకు డిస్ట్రిక్టులకే వదిలివేశాయి.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఇంటర్మీడియట్ బోర్డు రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష నిర్వహించి ఉత్తీర్ణతను ప్రకటిస్తుంది. అమెరికాలో ఇటువంటి ఏకైక తుది పరీక్ష లేదు. విద్యార్థి ఒక్కొక్క కోర్సు పూర్తి చేసినప్పుడల్లా ఉపాధ్యాయుడు గ్రేడు ఇస్తాడు. ఉత్తీర్ణుడైతే ఆ కోర్సు క్రెడిట్ అతని ఖాతాలో చేరుతుంది. నిర్ణీత సంఖ్యలో, నిర్ణీత విషయాలలో క్రెడిట్లు పోగైతే డిప్లొమా లభిస్తుంది.

క్రెడిట్ల విధానం

నేటి క్రెడిట్‌కు మూలం కార్నెగీ యూనిట్. 1905లో ఏర్పడిన కార్నెగీ బోధనాభివృద్ధి సంస్థ కళాశాల ఆచార్యులకు పింఛన్లు ఇచ్చే పథకం చేపట్టింది. ఆ పథకంలో చేరదలచిన కళాశాలలు తమ ప్రవేశార్హతను హైస్కూలు యూనిట్లలో తెలపాలని షరతు పెట్టింది. ఒక విషయాన్ని ఏడాది పొడవునా సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్ అవుతుంది. కళాశాలలు 14 యూనిట్లు అడగడంతో హైస్కూళ్ళన్నీ తమ చదువును ఈ కొలతలోనే లెక్కించసాగాయి. ఆ విధంగా ఆచార్యుల పింఛను కోసం పుట్టిన కొలమానం దేశమంతటా హైస్కూలు చదువుకు ప్రమాణమైంది.

ఈ విధానం కొలిచేది తరగతిలో గడిపిన కాలాన్నే గాని నేర్చిన విద్యను కాదని విమర్శ ఉన్నది. అందువలన కొన్ని రాష్ట్రాలు సామర్థ్యాన్ని పరీక్షించి క్రెడిట్ ఇచ్చే పద్ధతిని కూడా అనుమతిస్తున్నాయి.

చరిత్ర

1892లో ఏర్పాటైన పదిమంది సభ్యుల సంఘానికి హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వం వహించాడు. కళాశాలకు వెళ్ళేవారైనా, వెళ్ళనివారైనా ఒక విషయాన్ని చదివినంతకాలం దానిని అందరికీ ఒకే విధంగా బోధించాలని ఆ సంఘం సూచించింది. అప్పట్లో హైస్కూలుకు వెళ్ళేవారి సంఖ్య చాలా స్వల్పం. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో కార్మికుల పిల్లలు, వలస వచ్చినవారి పిల్లలు పెద్ద సంఖ్యలో చేరడంతో వారికి ఏమి నేర్పాలన్న ప్రశ్న తలెత్తింది.

1915లో ఈ విషయమై ఇద్దరు ప్రముఖుల మధ్య వాదం జరిగింది. పరిశ్రమలకు కావలసిన పనివారిని తయారు చేసే ప్రత్యేక శిక్షణ ఉండాలని మసాచుసెట్స్ విద్యా కమిషనర్ డేవిడ్ స్నెడెన్ వాదించాడు. వృత్తిని సాధారణ విద్య నుండి వేరు చేస్తే సమాజంలోని వర్గభేదాలు పాఠశాలలోనే స్థిరపడతాయని తత్త్వవేత్త జాన్ డ్యూయీ వ్యతిరేకించాడు. నల్లజాతివారి విద్య విషయంలో ఇటువంటి చర్చ అంతకు ముందే బుకర్ టి. వాషింగ్టన్, డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌ల మధ్య నడిచింది.

1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం స్నెడెన్ మార్గానికే దగ్గరగా ఉన్నది. వ్యవసాయం, పారిశ్రామిక వృత్తులు, గృహవిజ్ఞానం బోధించడానికి కేంద్రం నిధులిచ్చింది. పారిశ్రామిక వృత్తుల తరగతులలో కనీసం సగం కాలం ఆచరణాత్మకమైన పనికే కేటాయించాలని చట్టం నిర్దేశించింది. దీనితో వృత్తి విద్యకు వేరే ఉపాధ్యాయులు, వేరే నిధులు, వేరే తరగతి గదులు ఏర్పడ్డాయి. 1963 నాటి వృత్తి విద్యా చట్టం ఈ పరిధిని విస్తరించింది.

1983లో "ప్రమాదంలో దేశం" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక జాతీయ సంఘం నివేదిక వెలువరించింది. హైస్కూలు విద్యార్థులందరూ నాలుగేళ్ళ ఇంగ్లీషు, మూడేళ్ళ చొప్పున గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం, అర్ధ సంవత్సరం కంప్యూటర్ శాస్త్రం చదవాలని అది సిఫారసు చేసింది. తరువాతి కాలంలో చాలా రాష్ట్రాలు తప్పనిసరి క్రెడిట్లను పెంచాయి. ఎలెక్టివ్‌లుగా ఉండే వృత్తి కోర్సులకు టైంటేబుల్‌లో చోటు తగ్గిపోయింది.

మరుసటి ఏడాది 1984లో కెంటకీకి చెందిన ప్రతినిధి కార్ల్ పెర్కిన్స్ పేరిట వృత్తి విద్యా చట్టం వచ్చింది. దీనిని 1990, 1998, 2006, 2018 సంవత్సరాలలో సవరించారు. 2006 సవరణతో చట్టంలో "వృత్తి విద్య" అన్న పాత పేరు స్థానంలో "కెరీర్, సాంకేతిక విద్య" అన్న పేరు వచ్చింది. తక్కువ మార్కులవారి చదువు అన్న పాత ముద్రను తొలగించడం ఈ మార్పు ఉద్దేశాలలో ఒకటి. నేడు ఈ చట్టం క్రింద రాష్ట్రాలకు ఏటా సుమారు 140 కోట్ల డాలర్లు అందుతున్నాయి.

రాష్ట్రాల నిబంధనలు

టెక్సస్: 2013లో చేసిన చట్టం ప్రకారం మూల ప్రణాళికకు 22 క్రెడిట్లు కావాలి. వాటి వివరాలు:
* ఇంగ్లీషు - 4
* గణితం - 3
* విజ్ఞానశాస్త్రం - 3
* సాంఘికశాస్త్రం - 3
* ఇంగ్లీషు కాక మరొక భాష - 2
* వ్యాయామ విద్య - 1
* లలిత కళలు - 1
* ఎలెక్టివ్‌లు - 5

విద్యార్థి 9వ తరగతిలో చేరేటప్పుడు ఒక ఎండార్స్‌మెంట్‌ను, అనగా ప్రత్యేక రంగాన్ని ఎంచుకోవాలి. ఇవి ఐదు: విజ్ఞాన-సాంకేతిక-గణిత రంగం, వ్యాపారం-పరిశ్రమలు, ప్రజాసేవలు, కళలు-మానవీయ శాస్త్రాలు, బహుముఖ అధ్యయనం. ఎండార్స్‌మెంట్‌తో కలిపి 26 క్రెడిట్లు అవసరం. ఇదే చట్టం రాష్ట్ర పరీక్షలను 15 నుండి 5కు తగ్గించింది. రెండవ ఆల్జీబ్రా అందరికీ తప్పనిసరి కాకుండా పోయింది. అయితే "విశిష్ట స్థాయి" గుర్తింపుకు ఆ కోర్సు కావాలి. తరగతిలో అగ్రశ్రేణి విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో లభించే నేరు ప్రవేశానికి ఆ గుర్తింపు అవసరం. కాబట్టి 14 ఏళ్ళ వయసులో చేసే కోర్సుల ఎంపిక 18వ ఏట ఫలితం చూపుతుంది.

కాలిఫోర్నియా: రాష్ట్రం 13 ఏడాది కోర్సులను నిర్దేశించింది. ఇంగ్లీషు 3, సాంఘికశాస్త్రం 3, గణితం 2, విజ్ఞానశాస్త్రం 2, వ్యాయామ విద్య 2 కాగా, మిగిలిన ఒకటి కళ లేదా విదేశీ భాష కావచ్చు. 2011లో చేసిన చట్టం ద్వారా ఈ చివరి దానికి వృత్తి కోర్సును కూడా ఎంచుకునే వీలు వచ్చింది. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రవేశానికి "ఎ-జి" అనే వేరొక జాబితా ఉన్నది. దానిలో 15 కోర్సులు ఉంటాయి. వీటిలో గణితం 3, ఇంగ్లీషు 4, విదేశీ భాష 2, కళ 1 ఉండాలి. డిప్లొమాకు పనికివచ్చిన వృత్తి కోర్సు విశ్వవిద్యాలయం ఆమోదించినదైతే తప్ప ఈ జాబితాలో లెక్కకు రాదు. ఈ తేడాను తల్లిదండ్రులకు తెలియజేయాలని ఆ చట్టమే డిస్ట్రిక్టులను ఆదేశించింది.

ఒహైయో: 20 క్రెడిట్లు కావాలి. గణితంలో 4 క్రెడిట్లు ఉండగా, వృత్తి మార్గంలో ఉన్నవారు రెండవ ఆల్జీబ్రా బదులు తమ వృత్తికి సంబంధించిన గణిత కోర్సు చదవవచ్చు. 2023 తరగతి నుండి డిప్లొమాకు రెండు "ముద్రలు" కూడా సంపాదించాలి. పరిశ్రమలు గుర్తించిన ధ్రువపత్రం ద్వారా లభించేది వీటిలో ఒకటి.

న్యూయార్క్: 22 క్రెడిట్లతో పాటు 19వ శతాబ్దం నుండి ఉన్న రీజెంట్స్ పరీక్షలు ఇక్కడి ప్రత్యేకత. ఐదు పరీక్షలలో ఒకదాని స్థానంలో వృత్తి విద్యకు చెందిన ఆమోదిత పరీక్షను ఎంచుకునే మార్గం కూడా ఉన్నది.

తుది పరీక్షల ప్రాధాన్యం దేశమంతటా తగ్గుతూ వస్తున్నది. కాలిఫోర్నియా తన పరీక్షను 2015లో నిలిపివేసింది. మసాచుసెట్స్‌లో ఎమ్‌క్యాస్ పరీక్షను డిప్లొమాకు తప్పనిసరి చేసే నిబంధనను 2024 నవంబరులో ఓటర్లు రద్దు చేశారు.

వృత్తి, సాంకేతిక విద్య

ఈ విద్య మూడు రకాల చోట్ల లభిస్తుంది. మొదటిది సాధారణ హైస్కూలు. రెండవది చుట్టుపక్కల హైస్కూళ్ళ విద్యార్థులు పూటకొకరుగా వచ్చి నేర్చుకునే ప్రాంతీయ వృత్తి కేంద్రం. మూడవది పూర్తిగా దీనికే ఏర్పడిన సాంకేతిక హైస్కూలు. మసాచుసెట్స్ సాంకేతిక హైస్కూళ్ళలో సాధారణంగా ఒక వారం తరగతి పాఠాలు, మరుసటి వారం వర్క్‌షాపు పని సాగుతాయి. ఈ పాఠశాలలలో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువ. గ్రేడులు, హాజరు చూసి చేర్చుకోవడం వలన పేద విద్యార్థులు వెనుకబడుతున్నారన్న ఫిర్యాదులు రావడంతో, లాటరీ పద్ధతికి మారాలని 2025లో రాష్ట్ర విద్యామండలి నిర్ణయించింది. ఒకప్పుడు ఇతర చదువు అబ్బనివారిని పంపిన చోటుకు నేడు పోటీ ఏర్పడడం గమనార్హం.

ఒకే కార్యక్రమంలో కనీసం రెండు కోర్సులు పూర్తి చేసిన విద్యార్థిని 2018 చట్టం "కాన్సన్‌ట్రేటర్"గా లెక్కిస్తుంది. చదువుతో పాటు ఆసుపత్రిలో గాని, కర్మాగారంలో గాని పనిచేసే అనుభవం, ధ్రువపత్రాలు, హైస్కూలులోనే కళాశాల క్రెడిట్ సంపాదించే ఏర్పాటు ఈ విద్యలో భాగాలు. 1928లో ఏర్పడిన ఎఫ్ఎఫ్ఎ (భావి రైతుల సంఘం), 1965లో వేరే పేరుతో మొదలైన స్కిల్స్‌యుఎస్ఏ వంటి విద్యార్థి సంఘాలు పోటీలు నిర్వహిస్తాయి.

కొన్ని రాష్ట్రాలలో వృత్తి కోర్సు నేరుగా శాస్త్ర క్రెడిట్‌గా చెల్లుతుంది. టెక్సస్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఇందుకు ఉదాహరణ.

ఫలితాలు

న్యూయార్క్‌కు చెందిన ఎమ్‌డిఆర్‌సి అనే పరిశోధన సంస్థ కెరీర్ అకాడమీలను దీర్ఘకాలం పరిశీలించింది. దరఖాస్తు చేసిన విద్యార్థులను లాటరీ ద్వారా రెండు బృందాలుగా విభజించింది. హైస్కూలు ముగిసిన తరువాతి ఎనిమిదేళ్ళలో, అకాడమీలో సీటు లభించిన బృందం సగటు సంపాదన రెండవ బృందం కంటే ఏటా 11 శాతం అధికంగా ఉన్నట్లు 2008లో ప్రకటించింది. ఈ లాభం ముఖ్యంగా యువకులలో కనిపించింది. డిప్లొమా, కళాశాల చదువుల విషయంలో మాత్రం రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అంటే వృత్తి విద్య కళాశాల చదువుకు అడ్డుపడలేదు, అలాగని దానిని పెంచనూ లేదు. అర్కాన్సాస్ విద్యార్థులపై 2016లో వెలువడిన మరొక అధ్యయనంలో, ఒకే రంగంలో ఎక్కువ వృత్తి కోర్సులు చదివినవారు డిప్లొమా పొందే అవకాశం గణనీయంగా ఎక్కువని తేలింది.

దేశంలో నాలుగేళ్ళలో డిప్లొమా పొందినవారు 2010-11లో 79 శాతం కాగా, 2021-22 నాటికి 87 శాతానికి చేరారు.

విమర్శలు

పేద విద్యార్థులను, నల్లజాతి, లాటిన్ అమెరికా మూలాలున్న విద్యార్థులను వృత్తి మార్గంలోకి మళ్ళిస్తున్నారన్న ఆరోపణ పాతది. జీనీ ఓక్స్ 1985లో ప్రచురించిన గ్రంథం ఇటువంటి విభజనను తీవ్రంగా విమర్శించింది. వృత్తి విద్యలో వివక్షను నివారించడానికి కేంద్రం 1979లో మార్గదర్శకాలు జారీ చేసింది. బాలికలు ఆరోగ్యసేవల వైపు, బాలురు వెల్డింగు, నిర్మాణ పనుల వైపు చేరడం నేటికీ కనిపిస్తుంది. ఒక లింగంవారు 25 శాతం కంటే తక్కువగా ఉన్న రంగాలను సంప్రదాయేతర రంగాలుగా గుర్తించి, వాటిలో చేరికను రాష్ట్రాలు నివేదించాలని పెర్కిన్స్ చట్టం కోరుతుంది.

ఉద్యోగ విపణిలో విలువ లేని ధ్రువపత్రాలు కూడా లెక్కలోకి వస్తున్నాయన్నది మరొక విమర్శ. మరోవైపు, కళాశాలకు వెళ్ళనివారికి సాధారణ డిప్లొమా ఏ ఉపాధినీ చూపదని వృత్తి విద్య సమర్థకులు వాదిస్తారు.

తెలుగు కుటుంబాలకు సంబంధించిన అంశాలు

10 లేదా 11వ తరగతిలో అమెరికాకు వచ్చిన విద్యార్థి భారతదేశంలో చదివిన విషయాలకు క్రెడిట్లు ఇవ్వడం డిస్ట్రిక్టు పరిశీలనపై ఆధారపడి ఉంటుంది. గణితం, విజ్ఞానశాస్త్రాలకు పాత మార్కుల పత్రాలు ఉపకరించినా, అమెరికా చరిత్ర, ప్రభుత్వ విధానం వంటివి అక్కడే చదవవలసి ఉంటుంది. మాతృభాషా ప్రావీణ్యాన్ని పరీక్ష ద్వారా నిరూపిస్తే భాషా క్రెడిట్ ఇచ్చే డిస్ట్రిక్టులు ఉన్నాయి. డిప్లొమా నిబంధనల జాబితా, చేరదలచిన విశ్వవిద్యాలయపు ప్రవేశ జాబితా వేరువేరు కనుక 9వ తరగతి నుండే స్కూలు కౌన్సెలర్‌తో రెండింటినీ పోల్చి చూసుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి
* ఇంటర్మీడియట్ విద్య
* పాలిటెక్నిక్
* పారిశ్రామిక శిక్షణ సంస్థ
* జాన్ డ్యూయీ