తెర మీది బంగారక్క

తోలుబొమ్మలాట మీద మన పండితులు రాసిన పుస్తకాలూ వ్యాసాలూ వరసపెట్టి చదివితే ఒక పద్ధతి కనిపిస్తుంది. పాల్కురికి సోమన 'పండితారాధ్య చరిత్ర'లో బొమ్మలాట ప్రస్తావన ఉంటుంది. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ఉంటుంది, ద్విపద నడక ఉంటుంది, బొమ్మల నగిషీకీ లేపాక్షి చిత్రాలకీ పోలిక ఉంటుంది. చివర్లో హాస్యపాత్రల మీద ఒక పేరా. కేతిగాడు, జుట్టుపోలిగాడు, అల్లాటప్ప, వీళ్ళ వెనక ఒక్క ఆడమనిషి, బంగారక్క. వీళ్ళ మాటల్లో కాస్త బూతు దొర్లుతుందని ఒక ముక్క అనేసి పండితులు గబగబా దాటిపోతారు. నాకు ఆ పేరా దగ్గరే ఆగాలనిపిస్తుంది.

బంగారక్క జుట్టుపోలిగాడి పెళ్ళాం. కేతిగాడితో ఆమెకు సంబంధం ఉంటుంది. కన్నడ దేశంలో ఇదే బొమ్మ కిల్లేక్యాతుడి భార్య. మొగుడెవరన్నది ఊరిని బట్టి, మేళాన్ని బట్టి మారుతుంది గానీ కొంప మాత్రం మారదు. రాత్రి ఆడేది సుందరకాండ అయినా, విరాటపర్వం అయినా, లక్ష్మణమూర్ఛ అయినా, మధ్యలో ఆ కొంప తెర మీదికి వస్తుంది. అదే తగాదా, అదే అనుమానం, అదే సరసం, మాటలు మాత్రం కొత్తవి. అమెరికా టీవీలో 1989లో మొదలైన 'ది సింప్సన్స్' లాంటి పెద్దల కార్టూన్ హాస్యాల గురించి మన పిల్లలు గొప్పగా చెబుతుంటారు కదా. ఒక ఇల్లు, వయసు పెరగని మనుషులు, వారం వారం కొత్త గొడవ, ఏడాదికో సీజన్. ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో కోతలయ్యాక తెర కట్టే రోజుల్లో ఈ సూత్రం ఎవరూ నేర్పకుండానే నడిచింది. బొమ్మలకు కీళ్ళున్నాయి, వెలుగుంది, గొంతుంది. పిల్లలు నిద్రపోయాక పెద్దలకే మిగిలే నడిరేయి ఉంది.

ఈ పోలిక మరీ దూరంది కాదు. మనకు దొరుకుతున్న తొలి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా 1926 నాటి 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'. తీసింది జర్మన్ స్త్రీ, లోట్టె రైనిగర్. నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కీళ్ళు కట్టి, కింద నుంచి వెలుగు పెట్టి ఒక్కొక్క కదలికే ఫోటో తీసింది. ఆమె చేసింది నీడబొమ్మలాటకు కెమెరా జోడించడమే. యానిమేషన్ చరిత్రలో డిస్నీకి దొరికినంత చోటు ఆమెకు చాలాకాలం దొరకలేదు. అది వేరే కథ.

ఇక బొమ్మల తయారీ. దేవతలకూ పుణ్యపురుషులకూ జింక తోలు, భీముడికీ రావణుడికీ దుప్పి తోలు, తక్కిన వాళ్ళకు మేక తోలు వాడేవాళ్ళని చెబుతారు. ఒక్క రావణుడికే నాలుగు తోళ్ళు పట్టేవట. అంటే బొమ్మల పెట్టెలో కూడా వర్ణవ్యవస్థ ఉందన్నమాట. బంగారక్క మేక తోలు మనిషి. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు పారేదాకా పల్చగా చేసి, ఆరబెట్టి, గీతలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండు పక్కలా రంగులు నింపుతారు. చిల్లుల్లోంచి వచ్చే వెలుగే బొమ్మకు నగలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింక, దుప్పి తోళ్ళ మాట లేదు. ఇప్పుడు రాముడిదీ బంగారక్కదీ ఒకే మేక. చట్టం ఏ ఉద్దేశంతో వచ్చినా ఈ ఫలితం నాకు నచ్చింది.

హాస్యపు బొమ్మల్లో ఆకారానికి మొహమాటం లేదు. బంగారక్కకు నిండు రొమ్ములు, తల్లో పూలు. కేతిగాడి బొమ్మల్లో కొన్నింటికి కాళ్ళూ చేతులతో పాటు పురుషాంగాన్ని కూడా కీలు పెట్టి కదిలేలా చేశారు. ఇవి మ్యూజియంలకు చేరాయి గానీ, పాఠ్యపుస్తకాల బొమ్మల్లోకి రాలేదు.

ఈ ఆటగాళ్ళు ఎక్కువమంది ఆరె కులం వాళ్ళు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. అనంతపురం యాసలో ఊరి మొత్తాన్ని నవ్వించేది మరో భాష ఇంట్లో పుట్టిన నాలుకలన్నమాట. పైగా అందులో ఆడనాలుకలున్నాయి. దక్షిణాదిలో చాలా కళారూపాల్లో ఆడవేషం మగవాడు కట్టాడు. కేరళ తోల్పావకూత్తు తెర వెనక తరతరాలు మగవాళ్ళే ఉన్నారు. మన తోలుబొమ్మలాట కుటుంబంలోని ఆట. ఆడవాళ్ళు తెర వెనక నిలబడి పాడతారు, బొమ్మలాడిస్తారు. సీతకు గొంతిచ్చిన మనిషే బంగారక్కకూ గొంతు ఇవ్వగలదు. ఇది చిన్న విషయం కాదు. సభలో ముఖం చూపించి అనలేని మాటలు తెర చాటున అనడానికి ఒక స్త్రీకి వీలు దొరికింది. ఎవరన్నారంటే బొమ్మ అన్నది.

అలాగని బంగారక్కను మన స్త్రీవాదానికి ముత్తవ్వగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. ఆ హాస్యంలో దెబ్బలెక్కువ. జుట్టుపోలిగాడు ఆమెను కొడతాడు, ఆమె తిరిగి కొడుతుంది, రెంటికీ ఒకే నవ్వు. పెళ్ళాన్ని కొట్టడం నవ్వులాట కావడంలో ఉన్న హింస తెర మీద పడగానే మాయమైపోదు. ఆమె కోరిక ఒకవైపు ఆమె బలం, ఇంకోవైపు జనం వేళాకోళానికి సరుకు. ప్రేక్షకుల్లోని మగవాడూ ఆడదీ ఒకే మాటకు నవ్వినా ఒకే కారణానికి నవ్వి ఉండరు. అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ ఈ ఆట మీద 1984లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. 1989లో వచ్చిన ఒక వ్యాస సంకలనంలో ఈ విదూషకుల మీదే ప్రత్యేకంగా రాశాడు. ఆట పగ్గాలు విదూషకుల చేతుల్లో ఉంటాయన్న ఆయన గమనింపు నాకు ముఖ్యం. అయితే ఆ పగ్గాలు పట్టుకున్న ఆడచేతుల గురించి అడగాల్సింది ఇంకా చాలా ఉంది.

ఇక్కడ వాన సంగతి చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల ఇది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. వానలు పోయిన ఏడు విరాటపర్వం చదివించడం, ఆడించడం మన ఆచారం. ఆ కథ ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. కొలువులో పనిమనిషిగా చేరిన సైరంధ్రి వెంట రాణి తమ్ముడు పడతాడు. నిండు సభలో తంతాడు. రాజు పలకడు, మొగుళ్ళు అజ్ఞాతవాసం పేరుతో నోరు కట్టుకుంటారు. మబ్బు కోసం ఊరు ఊరంతా కూర్చుని చూసేది పని చేసే చోట ఒక ఆడదాని మీద జరిగే దౌర్జన్యం. ఆమె తానెవరో చెప్పుకోకూడదు. సరిగ్గా ఆ కథ మధ్యలోకి ఏ అజ్ఞాతమూ లేని బంగారక్క దూరి, సిగ్గూ ఎగ్గూ లేకుండా అంతా అనేస్తుంది. ఆ రెండు గొంతుల్నీ ఒకే రాత్రి, ఒకే తెర మీద విన్న ఆడవాళ్ళకు ఏమనిపించి ఉంటుందన్నది మన సాహిత్య చరిత్రకు తట్టని ప్రశ్న.

ముద్దుపళని 'రాధికా సాంత్వనం' సంగతి మనకు తెలుసు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయిస్తే 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మూడున్నర దశాబ్దాలు ఆ పుస్తకం చీకట్లో ఉంది. కానీ నిషేధించాలంటే అచ్చు ప్రతి ఉండాలి, కేసు ఉండాలి, ఫైలు ఉండాలి. ఆ ఫైలే తర్వాత సూసీ తారు, కె. లలితల లాంటి వాళ్ళకు దారి చూపించింది. బంగారక్కకు తాళపత్రం లేదు, అచ్చు లేదు. ఏ రాత్రి మాట ఆ రాత్రిదే. అందుకే ఆమెను ఎవరూ నిషేధించలేదు, ఆ అవసరం రాలేదు.

ఆమెను తగ్గించినవి మర్యాదస్తుల చేతులే. 1954లో ఏర్పడ్డ కేంద్ర ప్రభుత్వ సాంగ్ అండ్ డ్రామా డివిజన్ జానపద కళల్ని పంచవర్ష ప్రణాళికల ప్రచారానికి వాడుకుంది. బొమ్మలాటల్లోకి కుటుంబ నియంత్రణ వచ్చి చేరింది. కోరిక గురించి నోరారా మాట్లాడిన మనుషులు పిల్లల్ని తగ్గించమని బోధించే పాత్రలయ్యారు. ఉత్సవాల వేదికల మీద రాత్రంతా సాగే ఆట గంటకు కుదిరింది. గంటలో మిగిలేది హనుమంతుడూ లంకాదహనమూ. ఊళ్ళలో సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. కరువు ముదిరితే ఆట కట్టించే చందాలే రాలేదు. వాన కోసం ఆడించే ఆటకు వాన లేకే డబ్బు లేకపోయింది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఊరు అది, కుటుంబాలు తోలు దీపపు గొట్టాలూ తెరలూ గోడబొమ్మలూ చేసి అమ్ముకుంటూ నిలబడ్డాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అది ఆ చేతులకు దక్కాల్సిన గౌరవమే. పట్నం ఇళ్ళ హాళ్ళలో వెలిగే ఆ గొట్టాల మీద నెమలి ఉంటుంది, చెట్టు ఉంటుంది, వినాయకుడు ఉంటాడు. రంగులు నింపేది చాలావరకు ఇంటి ఆడవాళ్ళే. కొనేవాళ్ళు బంగారక్కను అడగరు. బంగారక్క ఏమనేదో చెప్పగలిగిన ముసలమ్మల్ని కూర్చోబెట్టి, పిల్లల్ని బయటికి పంపి, టేపు పెట్టి వినే పని మాత్రం పద్మశ్రీ కమిటీలది కాదు. మనదే.