లెక్కల బడిలో లఘు పరీక్ష

నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి, ఆర్మూరు ప్రాంతముల పిల్లలకు పసుపు బేరము క్రొత్త కాదు. అచ్చటి బడిలో ఉపాధ్యాయుడొక చిన్న లెక్క యిచ్చినాడనుకొందము: క్వింటాలు పసుపు ధర 12,000 రూపాయలైనచో 35 కిలోల వెల యెంత? 4,200 అని వ్రాసిన పిల్లవాడు తరువాతి పాఠమునకు పోవచ్చును. 42,000 అని వ్రాసినవానికి గుణకారము వచ్చును గాని స్థానవిలువ పట్టుబడలేదు. ఈ సంగతి ఆ పూటనే బయటపడినచో అప్పుడే దిద్దవచ్చును. సంవత్సరాంతపు పరీక్షలో బయటపడినచో ప్రయోజనమేమి? అప్పటికి దశాంశములు, శాతములు, వడ్డీ లెక్కలు అన్నియు ఆ లోపము మీదనే పేర్చబడి యుండును.

ఇట్టి చిట్టి పరీక్ష పడమటి దేశముల నుండి వచ్చిన క్రొత్త పద్ధతియని పలువురి తలంపు. మాకు మాత్రము దాని జాడ మన వీధిబడులలోనే కనబడుచున్నది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లను కోరెను. నాడు డిచ్‌పల్లి నిజాం రాజ్యములోనిది గనుక ఆ లెక్కలలో చేరలేదు. అయితే తెలుగు, కన్నడములు కలసి మెలసియున్న బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మిక్కిలి విలువైనది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. భాష తెలిసి బడులను చూచినవాడు. ఆ జిల్లాలో 533 బడులు. వానిలో 226 తెలుగు బడులు. చదువుకొనువారు 6,641 మంది.

ఉదయము అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవానికి సున్న. మూడవవానికి చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు! ఆలస్యమునకు ఇంత నిక్కచ్చియైన అంకశ్రేఢి మరెక్కడను మేము చూడలేదు.

మనకు కావలసిన విషయము తరువాత నున్నది. బడిలో సాధారణముగా నాలుగు తరగతులుండెను. పిల్లవాడు ఒకదాని నుండి మరొకదానికి పోవుట తన శక్తిని, అభివృద్ధిని బట్టియే. క్రింది తరగతులకు పై విద్యార్థులు చెప్పుచుండిరి. చెప్పుటలో వారి చదువును గట్టిపడుచుండెను. ఎక్కములను, కొలతల పట్టికలను దినమునకు రెండుమారులు పిల్లలందరు వరుసలుగా నిలిచి ఒకని వెంట వల్లించుచుండిరి. ఇంచుమించు ఇట్టి పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమములో ప్రయోగించి, 1797లో గ్రంథస్థము చేసి, ఇంగ్లండులో ప్రచారము చేసెను.

ఆ బడులను పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ఆ 6,641 మందిలో బాలికలు అరువది మందియే. పిల్లలు అర్థము తెలియని పద్యములను వల్లించుచున్నారని కాంబెల్ గారే విచారించెను. వరుసలో నిలిచి పాడు ఎక్కములలో రానివాని గొంతు వచ్చినవాని గొంతు చాటున దాగును. ఒక్కొక్కనిని విడిగా అడిగిననే నిజము తేలును. విడిగా వ్రాయించు చీటీ ఈ పనినే చేయును.

1957లో పరీక్షా సంస్కరణ పనిమీద మన దేశమునకు వచ్చిన అమెరికా ఆచార్యుడు బెంజమిన్ బ్లూమ్, 1968లో తన సిద్ధాంతమును ప్రకటించెను. పాఠమును చిన్న చిన్న భాగములుగా చెప్పి, ప్రతి భాగము చివర చిన్న పరీక్ష పెట్టి, తప్పినవారికి వేరొక రీతిని బోధించి, పట్టుబడిన పిమ్మటనే ముందుకు నడిపించవలెనని దాని సారము. ఆ పరీక్షకు మార్కులు అక్కరలేదు. అది పిల్లవానికి తీర్పు కాదు, ఉపాధ్యాయునికి సమాచారము.

మన రాష్ట్రపు నిరంతర సమగ్ర మూల్యాంకనములో ఈ లఘు పరీక్షకు, బడిభాషలో స్లిప్ టెస్టుకు, చోటు దొరికినది. అయితే 2014-15 నుండి పదవ తరగతిలో 80 మార్కులు బహిరంగ పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనమునకు కేటాయించిరి. మార్కు చేరిన చోట చీటీ స్వభావము మారునని మా అభిప్రాయము. పిల్లవాడు తప్పును దాచుకొనును. ఉపాధ్యాయుడు రిజిస్టరు నింపుటకు తొందరపడును. 42,000 వ్రాసినవానికి సున్న పడి, పాఠము ముందుకు సాగిపోవును.

దీనికి పెద్ద ఏర్పాటు లేవియు అవసరము లేదు. అయిదు ప్రశ్నలు, ఒక చిన్న కాగితము, మార్కుల పుస్తకము మూసి యుంచుట. నాలుగు సరిగా చేసినవాడు తప్పినవాని ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. మరునాడు ఆ లెక్కనే 45 కిలోలకు మార్చి ఇచ్చి చూడవలెను.