ఊరు పట్నమైంది, సభ పోయింది: నందిగామ, జగ్గయ్యపేట పురపాలక బడ్జెట్లలో వాడల చోటు

పురపాలక బడ్జెట్ అంటే గుమాస్తాలు, ఆడిటర్లు చూసుకునే లెక్కల పుస్తకమని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఏ వీధికి మురుగుకాల్వ వస్తుంది, ఏ వాడకు కుళాయి వస్తుంది, ఆ కాల్వలోకి దిగే మనిషికి ఎంత కూలి ఇస్తారు అన్నది తేలేది ఆ పుస్తకంలోనే. కులం గురించి ఒక్క మాట రాయకుండానే కులాన్ని అమలు చెయ్యగల కాగితం అది. అంబేడ్కర్ 1925లో అచ్చువేసిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయవ్యయాల పరిణామం గురించే. ఆయన్ను రాజ్యాంగ నిర్మాతగా తల్చుకునే మన ఉద్యమాలు ఆ లెక్కల అంబేడ్కర్‌ను అంతగా పట్టించుకోలేదు.

ఈ వ్యాసానికి మేము మెట్ట కృష్ణాలోని రెండు పట్టణాలను తీసుకున్నాం. ఒకటి, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేర కట్టించిన జగ్గయ్యపేట. 1988లో మున్సిపాలిటీ అయింది. రెండోది మునేటి పక్కనున్న నందిగామ. 2011లో నగర పంచాయతీ అయింది. 2022 ఏప్రిల్ నుంచి రెండూ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. మా ప్రశ్న ఒకటే: బడ్జెట్ రాసేముందు వాడను అడిగే ఏర్పాటు ఎప్పుడైనా ఉందా? ఉంటే అదేమైంది?

పన్ను కట్టేవాడిదే మాట

మద్రాసు రాష్ట్రంలో 1884, 1920 పురపాలక చట్టాల కింద ఓటు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉండేది. పన్ను కట్టినవాడు ఓటరు, ఓటరైనవాడు సభ్యుడు, సభ్యుడైనవాడు ఖర్చు నిర్ణయించేవాడు. ఊరిని ఊడ్చేవాళ్లు ఖర్చు పద్దులో జీతంగా కనిపిస్తారు తప్ప నిర్ణయంలో ఎక్కడా కనపడరు.

దీన్ని మొదట గట్టిగా అడిగింది మన పెద్దలే. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభలోనే పంచములన్న పేరు వద్దని, ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. బడులూ బావులూ కావాలన్న ఆ సభే స్థానిక సంస్థల్లో మాకూ చోటు కావాలంది. నీళ్లు అడగడం వేరు, నీళ్ల ఖర్చు నిర్ణయించే చోట కూచోవడం వేరు అని వాళ్లకు 1917 నాటికే తెలుసు.

1924లో రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన తీర్మానాన్ని మద్రాసు శాసనమండలి ఆమోదించింది. ప్రభుత్వ బావులూ దారులూ అందరికీ అని అందులో ఉంది. అదే ఏడాది బొంబాయి రాష్ట్రంలో మహాడ్ మున్సిపాలిటీ చవుదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. మూడేళ్లు దాకా అది కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగితే, ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. స్థానిక సంస్థ మనకిచ్చింది అనుకున్నదాన్ని మనల్ని అడక్కుండానే వెనక్కి తీసుకోగలదన్న పాఠం అక్కడిది.

గ్రామసభకూ వార్డుకూ తేడా

1992 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. వాటిని మన మేధావులు ఒకే గాటన కట్టి మెచ్చుకుంటారు. విడదీసి చదివితే వేరే సంగతి తెలుస్తుంది. పల్లెల విషయంలో 243ఎ అధికరణం గ్రామసభను గుర్తించింది. దాన్ని అనుసరించి వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జమాఖర్చులు, చేపట్టే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందు పెట్టాలి. పట్టణాలకు అలాంటి సభ లేదు. దాని బదులు 243ఎస్‌లో వార్డు కమిటీలు పెట్టారు. అవి కూడా మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట మాత్రమే తప్పనిసరి. విజయవాడకు ఉంటుంది, మన పేటలకు ఉండదు.

నందిగామ సంగతి ఇక్కడ చూడాలి. 2011 దాకా అది పంచాయతీ. వాడ మనిషి లేచి ‘మా కాల్వ లెక్కేది?’ అని అడిగే హక్కు, వాడినా వాడకపోయినా, చట్టంలో ఉంది. నగర పంచాయతీ కాగానే ఆ హక్కు పోయింది. ఇంటిపన్ను మాత్రం పోలేదు.

గ్రామసభలు సవ్యంగా జరిగేవని మేము అనడం లేదు. సభ ఊరి నడుమ పెడితే వాడవాళ్లు చివర నిలబడేవాళ్లు. దస్తావేజు మీద వేలిముద్రలు మాత్రం ముందే పడేవి. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి సభల్లో అడగడం బాగానే ఉంది, కానీ పనికి ప్రజల వాటా కట్టమన్నారు. వాటా కట్టలేని వాడకు పనెట్లా వస్తుంది? అయినా చెడ్డగా నడిచే సభను బాగుచెయ్యమని కొట్లాడొచ్చు. లేని సభ కోసం ఏమని కొట్లాడతాం?

కౌన్సిల్ లేని ఏళ్లు

సభ లేకపోతే కౌన్సిలరున్నాడు కదా అంటారు. 243టి కింద ఎస్సీలకు జనాభాను బట్టి వార్డులు రిజర్వు అవుతాయి, నిజమే. కాని కౌన్సిలే లేని ఏళ్లెన్ని? 1987లో ఎన్నికైనవాళ్ల గడువు తీరాక రాష్ట్రంలో మళ్లీ మున్సిపల్ ఎన్నికలు జరిగింది 1995లో. 2005 కౌన్సిళ్ల గడువు 2010లో ముగిస్తే, తర్వాతి ఎన్నికలు 2014లో. నందిగామ నగర పంచాయతీ పుట్టిందే ఆ మధ్యకాలంలో. తొలి ఏళ్ల బడ్జెట్లు ప్రత్యేకాధికారి సంతకంతోనే నడిచాయి. 2014 కౌన్సిళ్లు 2019లో పోతే, నందిగామలో 2021 మార్చిలో, జగ్గయ్యపేటలో ఆ ఏడాది నవంబరులో ఎన్నికలు జరిగాయి.

ఆ ఖాళీలోనే పన్ను పద్ధతి మారింది. అద్దె విలువ మీద కట్టే ఇంటిపన్నును ఆస్తి మూలధన విలువ మీదికి మారుస్తూ 2020లో చట్టాన్ని సవరించారు. పెంపు 15 శాతం దాటకూడదన్నారు, చిన్న ఇళ్లకు మినహాయింపు ఇచ్చారు. అభ్యంతరాలు చెప్పుకోమని నోటీసులూ ఇచ్చారు. కొత్త పన్ను 2021 ఏప్రిల్ నుంచి లెక్కలోకి వచ్చేనాటికి జగ్గయ్యపేటకు ఎన్నికైన కౌన్సిలే లేదు. నందిగామ అసెంబ్లీ స్థానం 2009 నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. పైన ప్రతినిధి ఉన్నాడు, కింద అడిగే చోటు లేదు. రాజకీయ ప్రాతినిధ్యం బడ్జెట్ మీద అధికారంగా దానంతటది మారదని దీన్నిబట్టే తెలుస్తోంది.

వాడ పేరు మీద రాసే పద్దు

2005 డిసెంబరులో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం నగరాలకు కొన్ని షరతులు పెట్టింది: బడ్జెట్లో పేదల సేవలకు విడిగా నిధులు చూపాలి, లెక్కలు బయటపెట్టాలి, జనం భాగస్వామ్యానికి చట్టం చెయ్యాలి. 2013లో దళిత సంఘాల పోరాటంతో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు అన్నది ఉత్తర్వు స్థాయి నుంచి చట్టం స్థాయికి పోవడం చిన్న విజయం కాదు. కాని విభజించలేని పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీల ఖర్చుగా చూపే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఊరందరి రోడ్డులో మన వంతు లెక్కలో పడుతుంది, మన వాడ రోడ్డు పడదు.

ఖర్చు పద్దులో ఇంకోవైపు పారిశుద్ధ్య కార్మికులున్నారు. ఈ పనిలో ఉన్నది ఎక్కువగా మాదిగ, మాల, రెల్లి కుటుంబాలు. పర్మనెంటు ఉద్యోగమైతే ‘జీతాలు’ కింద రాస్తారు, పింఛను ఉంటుంది. కాంట్రాక్టుకిస్తే అదే చీపురు, అదే మనిషి ‘సేవల ఖర్చు’ అవుతాడు. 2020 జులైలో ఆప్కాస్ వచ్చి మధ్యదళారిని తప్పించింది గాని ఉద్యోగాన్ని పర్మనెంటు చెయ్యలేదు. 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సుమారు రెండు వారాలు సమ్మె చేశారు. సమాన పనికి సమాన వేతనం, పర్మనెంటు చెయ్యడం వాళ్లడిగినవాటిలో ముఖ్యం. నిజానికి అది పురపాలక బడ్జెట్ మీద వీధిలో జరిగిన చర్చ. కౌన్సిల్ హాల్లో చోటు లేనివాళ్లకు చీపురు కింద పెట్టడమే అభ్యంతర పత్రమైంది.

చెయ్యదగినది

బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రి నగరంలో 1989 నుంచి బస్తీ జనం సభలు పెట్టి పెట్టుబడి పనుల వరస తామే నిర్ణయించారు. వసతులు తక్కువున్న బస్తీకి ఎక్కువ మార్కులు వేసి డబ్బు పంచారు. కేరళ 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టి పట్టణాల్లో కూడా వార్డు సభలు నడిపింది. చిన్న పట్టణానికి ఇది సాధ్యం కాదనే మాటలో పసలేదు. ముప్పై ఒక్క వార్డుల జగ్గయ్యపేటలో, ఇరవై వార్డుల నందిగామలో మనిషిని మనిషి ఎరుగును.

మేము కోరేది మూడు. మూడు లక్షల గీత చెరిపి ప్రతి పట్టణంలో వార్డు సభకు చట్టబద్ధత ఇవ్వాలి. ముసాయిదా బడ్జెట్‌ను వార్డులవారీగా, తెలుగులో, వాడలోనే చదివి వినిపించాలి; అక్కడ వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. కౌన్సిల్ లేని కాలంలో కూడా ఈ సభ జరక్కుండా ప్రత్యేకాధికారి బడ్జెట్ మీద సంతకం చెయ్యకూడదు.

చదువుకున్న మన పిల్లలు రిజర్వేషన్ జీవో చదివినంత శ్రద్ధగా మున్సిపల్ పద్దులు కూడా చదవాలి. ఎస్సీ వార్డులో మంజూరైన పని, జరిగిన పని, బిల్లు అయిన పని మూడూ ఒకటేనా అని సమాచార హక్కు కింద అడిగి రాసుకుంటూ పోతే, పదేళ్లకు అదే మన వాడల చరిత్ర అవుతుంది. 1917లో బెజవాడలో మన పెద్దలు అడిగిన చోటు కౌన్సిల్లో కొంత దొరికింది. లెక్కల పుస్తకంలో ఇంకా దొరకాల్సే ఉంది.