నాయకుడి భార్య కాదు, నాయకురాలు

పల్నాడులో నోరూ పట్టుదలా ఉన్న ఆడమనిషిని చూస్తే "అబ్బో, నాయకురాలు నాగమ్మ!" అనేస్తారు. సగం మెప్పు, సగం దెప్పు. ఆ మాట ఎనిమిది వందల ఏళ్లు దాటిన ఒక బిరుదని ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాదు.

12వ శతాబ్దంలో గురజాల గద్దె మీద నలగామరాజు, ఆయనకు మంత్రి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన పక్షాన బ్రహ్మనాయుడు. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున తలపడ్డారు. ఇది పల్నాడులో పసిపిల్లలకూ తెలిసిన కథే.

అంతగా తెలియనిది నాగమ్మ, బ్రహ్మనాయుడుల పేర్లలో ఉంది. 'నాయకుడు' వాడుకలో అరిగి 'నాయుడు' అయింది. అంటే ఒకరినొకరు ఓడించాలని చూసిన ఆ ఇద్దరి బిరుదూ ఒకటే! మూలం 'నడిపించు' అనే అర్థమున్న సంస్కృత ధాతువు. కాకతీయుల నాటికి నాయకుడంటే సేనను పోషిస్తూ సీమను ఏలే అధికారి.

ఇక 'రాలు' సంగతి. బడిలో చదువుకున్న రుగాగమ సంధే ఇది: నాయక + ఆలు. 'ఆలు' అంటే భార్య, స్త్రీ అని రెండర్థాలు. ఇక్కడ రెండోదే చెల్లుతుంది, ఎందుకంటే సమాసం కర్మధారయం. ధీరురాలంటే ధీరుడి పెళ్లాం కాదు కదా! నాయకురాలూ అంతే. అధికారం ఆమెదే.

ఇది ఎంత అరుదో తెలియాలంటే ఆ కాలపు గొప్పింటి స్త్రీల బిరుదు 'సాని'ని చూడాలి. 'స్వామిని' నుంచి వచ్చిన గౌరవమైన మాట. 1208లో పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం కట్టించిన ఎరకసానమ్మ రేచర్ల బేతిరెడ్డి భార్య. దొరసానికీ ఆ హోదా దొర వల్లే. పోనుపోను 'సాని'కి ఉన్న మర్యాద కూడా పోయింది.

నాగమ్మ, కథ ప్రకారం, చిన్ననాడే భర్తను పోగొట్టుకున్న మనిషి. 'నాయకురాలు' బిరుదు మగడి వల్ల సంక్రమించే వీలే లేదు.

శ్రీనాథుడి పేరున ఉన్న 'పల్నాటి వీరచరిత్ర' ఆమెను కుట్రలు పన్నే మనిషిగానే నిలబెట్టింది. ఉన్నవ లక్ష్మీనారాయణ మాత్రం తన నాటకానికి 'నాయకురాలు' అనే పేరే పెట్టారు. 1966 నాటి 'పల్నాటి యుద్ధం' సినిమాలో ఆ పాత్రకు భానుమతి తెచ్చిన ఠీవి చూసినవారు మరిచిపోలేదు.

కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్లకు వెళ్తే, నాగులేటి ఒడ్డున ఒక్కసారైనా ఆ పేరును దెప్పుగా కాక బిరుదుగా పలకండి.