మందు దొరికింది... కబురే అందలేదు!

1970ల తొలినాళ్లు. అమెరికాలోని మెంఫిస్, సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి. రక్తక్యాన్సర్‌కు మందులు పనిచేయడం మొదలైంది. బిడ్డ గట్టెక్కినట్టే అనుకునేలోపు పొడిదగ్గు పట్టుకునేది. ఆ వెనకే ఆయాసం. పెదాలు నీలం తిరిగేవి. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తులూ తెల్లగా మసకబారి కనిపించేవి.

ఆ పసివాళ్ల ఉసురు తీస్తున్నది క్యాన్సర్ కాదు, న్యుమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి. ఆరోగ్యవంతుల జోలికి అది పెద్దగా రాదు. కీమోతో రోగనిరోధక శక్తి పడిపోగానే విజృంభిస్తుంది.

వచ్చాక వైద్యం చేయడం కాదు, అసలు రానీయకూడదనుకున్నారు డాక్టర్ వాల్టర్ హ్యూస్. కార్టిజోన్‌తో నీరసింపజేసిన ఎలుకలకు ముందుగానే కోట్రైమాక్సజోల్ ఇచ్చి చూశారు. జబ్బు రాలేదు. మన మందుల షాపుల్లో సెప్ట్రాన్ పేరుతో దొరికే చవక మందే అది.

తర్వాత 160 మంది పిల్లలు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మందు. ఎవరికేది అందుతోందో డాక్టర్లకూ తెలియదు. చివరికి గుట్టు విప్పారు. ఉత్తుత్తి మందు తీసుకున్న 80 మందిలో 17 మందికి న్యుమోసిస్టిస్ న్యుమోనియా. అసలు మందు తీసుకున్న 80 మందిలో ఒక్కరికీ లేదు! 1977లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కథ అక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు.

1981 జూన్ 5న లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు ఇదే న్యుమోనియా వచ్చిందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎయిడ్స్‌కు అదే తొలి జాడ. న్యూయార్క్‌లో డాక్టర్ జోసెఫ్ సొనాబెండ్ తన ఎయిడ్స్ రోగులకు కోట్రైమాక్సజోల్ మాత్ర ముందుగానే ఇచ్చేవారు. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న గాయకుడు మైకేల్ కాలెన్ 1987 మేలో ప్రభుత్వ పరిశోధన సంస్థ అధిపతి ఆంథొనీ ఫౌచీని కలిశారు. దేశంలోని డాక్టర్లందరికీ ఈ సంగతి చెప్పమని ప్రాధేయపడ్డారు. ఎయిడ్స్ రోగుల్లో పరీక్షించిన రుజువు కావాలన్నారు ఫౌచీ. అధికారిక మార్గదర్శకాలు వచ్చేసరికి 1989 జూన్ అయింది. ఈలోగా ఇదే న్యుమోనియాతో ఎందరో పోయారు.

ఇవాళ హెచ్‌ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ సెంటర్లలో, రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాలు 350 కన్నా తగ్గితే ఈ మాత్ర ఇస్తారు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకూ తొలి నెలల్లో రాస్తారు. ఇందులోని సల్ఫా పడనివాళ్లకు వేరే మందులున్నాయి. ‘బాగానే ఉన్నాం కదా, ఇదెందుకు?’ అని సొంతంగా మానేసేవాళ్లు కొందరు. బాగా ఉన్నది ఆ మాత్ర వల్లే కావచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.