వలస వచ్చిన గోల్స్

వలస అన్న మాటకు మా కోస్గి వైపు అర్థం చెప్పనక్కరలేదు. పని ఉన్న చోటికి పోవడమే పాలమూరు బతుకు. బార్థొలోమ్యూ ఒగ్బెచే కథ నాకు పరాయిదిగా తోచకపోవడానికి అదే కారణం.

1984లో నైజీరియాలో పుట్టిన ఇతడు పారిస్ సెయింట్ జర్మేన్‌లో ఎదిగాడు. పదిహేడేళ్ళకే 2002 ప్రపంచకప్పు ఆడాడు. ఆపైన ఫ్రాన్సు, ఎమిరేట్సు, స్పెయిను, గ్రీసు, ఇంగ్లండు, నెదర్లాండ్సు. 2018లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున మన దేశానికి వచ్చి, కేరళ, ముంబయి జట్ల మీదుగా 2021లో హైదరాబాదు చేరాడు. ముప్ఫయ్యేడేళ్ళ వయసులో, ఆ సీజనులో 18 గోల్స్ కొట్టి బంగారు బూటు గెలిచాడు. 2022 మార్చి 20న కేరళను పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు ఐఎస్ఎల్ విజేత అయింది.

అయితే కోవిడ్ కారణంగా ఆ సీజను మొత్తం గోవాలోనే జరిగింది. ఆ 18 గోల్స్‌లో ఒక్కటీ సొంత నగరం మైదానంలో పడలేదు!

రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన నగరమిది. ఒగ్బెచే 2023లో వెళ్ళిపోయాడు. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. వలస వచ్చినవాడు పని పూర్తిచేసే పోయాడు. ఇల్లు ఖాళీ చేసింది మాత్రం ఇంటివారే.